ఉత్తర ప్రత్యుత్తరాలకు తావుంది

పత్రికల్లో కథల పోటీలు, కార్టూన్ల పోటీల ప్రకటనలు చదువుతూ పెరిగినవాళ్లకి వాటి ఆఖరి వాక్యాలు నోటికొచ్చి ఉంటాయి. ఎంపికలో సంపాదకులదే తుది నిర్ణయం. ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

పదహారేళ్ల వయసులో నేనొక బొమ్మల కథ గీశాను. ఎనిమిది పేజీలు. ఇండియన్ ఇంకుతో, పాళీ కలంతో, వేసవి సెలవులన్నీ దానికే పెట్టాను. ఇది నా సొంతం, దేనికీ అనుకరణ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని హామీ పత్రం రాశాను. నా చిరునామా రాసి స్టాంపులంటించిన తిరుగు టపా కవరు జతచేసి ఒక పత్రిక పోటీకి పంపాను. మూడు నెలలకి ఆ కవరు నా చేతిరాతతోనే మా ఇంటికి తిరిగొచ్చింది. లోపల ఎనిమిది పేజీలూ పంపినవి పంపినట్టే ఉన్నాయి. ఎక్కడైనా ఎవరైనా పెన్సిలు ఆనించారేమోనని ఒక్కో పేజీని కిటికీ వెలుతురుకి పట్టి చూశాను. గీత కూడా లేదు. బొమ్మలు కుదరలేదా, కథ ముందే తెలిసిపోయిందా, అసలెవరైనా చదివారా? ఏదీ తెలియలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు నేను బొమ్మల కథ జోలికి పోలేదు.

ఓటమి అంత బాధ పెట్టలేదు. కారణం తెలియకపోవడమే పెట్టింది. అందుకే ఈ అధ్యాయం రాస్తున్నాను. మీరు మీ బడిలోనో, శాఖా గ్రంథాలయంలోనో, కాలనీ సంఘంలోనో పిల్లలకి మాంగా (జపాన్ తరహా బొమ్మల కథ) పోటీ పెట్టబోతుంటే వచ్చిన ఎంట్రీలని ఎలా చదవాలి, ఎలా తేల్చాలి, తేల్చాక ఏం చేయాలి అన్నది ఇందులో ఉంది. పోటీకి పంపే కుర్రాళ్లకీ ఇందులో పని ఉంది. ఆ మాట చివర్లో.

మాది పెనుగంచిప్రోలు. మున్నేటి ఒడ్డు. తిరుపతమ్మ తల్లి ఊరు. రెండేళ్లకోసారి అమ్మవారి విగ్రహాలు రంగుల కోసం జగ్గయ్యపేట రంగుల మండపానికి తరలి వెళతాయి. కొత్త రంగులతో తిరిగొచ్చే రోజున చుట్టుపక్కల ఊళ్లన్నీ దారి పొడవునా నిలబడతాయి. రంగు మారితే, కనుబొమ్మ గీత కాస్త లావైతే ముఖంలో భావం మారుతుందన్న సంగతి మా ఊరి పిల్లలకి ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేదు. దారి పక్కన అమ్మమ్మ చంకలో ఉండగానే విని ఉంటారు, ఈసారి అమ్మ ముఖం ఎంత కళగా ఉందో అని.

ఆ పిల్లలే ఇప్పుడు లెక్కల పుస్తకం వెనకపేజీల్లో పెద్ద కళ్ల, ముళ్లలాంటి జుట్టు వీరుల్ని గీస్తున్నారు. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' అనే జపాన్ బొమ్మల సినిమా తెలుగు మాటలతో మన హాళ్లలోకి వచ్చాక ఆ వెనకపేజీలు మరీ నిండిపోయాయి. దీన్ని చూసి దిగులు పడేవాళ్లున్నారు. నాకు దిగులు లేదు. మేం చందమామలో శంకర్ గారి విక్రమార్కుణ్ణి, చిత్రా గారి రాక్షసుల్ని కార్బన్ కాగితం పెట్టి దించుకున్నాం, బుజ్జాయి గారి డుంబుని చూసి గీయబోయాం. చెయ్యి అలాగే మొదలవుతుంది. అలా మొదలైన చేతిని తరవాతి మెట్టు ఎక్కించడానికి పోటీ పనికొస్తుంది, సరిగ్గా నడిపితే.

ఎంట్రీల కట్ట విప్పేముందు ఒక జపాన్ సంగతి చెప్పాలి. ప్రకటనల కంపెనీలో ఉద్యోగం మానేసి ఖాళీగా ఉన్న ఒక కుర్రాడు బహుమతి సొమ్ము మీద ఆశతో 'షోనెన్ జంప్' పత్రిక కొత్తవాళ్ల పోటీకి మాంగా పంపాడు. బహుమతి రాలేదు. కానీ ఆ పత్రికలో పనిచేస్తున్న కజుహికో తొరిషిమా అనే యువ సంపాదకుడు ఓడిన ఆ కాగితాల్లో ఏదో చూశాడు. కబురు పెట్టాడు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆ కుర్రాడు గీసి పంపడం, ఈయన కారణం చెప్పి తిప్పికొట్టడం. అలా తిరిగొచ్చిన పేజీలు వందల్లో ఉన్నాయి. 1978లో అచ్చయిన మొదటి చిన్న కథ పాఠకులకి నచ్చలేదు. 1980లో 'డాక్టర్ స్లంప్', 1984లో 'డ్రాగన్ బాల్' మొదలయ్యాయి. ఆ కుర్రాడు అకిరా తొరియామా. 2024 మార్చిలో ఆయన పోయినప్పుడు మా ఊరి పదో తరగతి పిల్లలు కూడా ఆయన గురించి మాట్లాడుకున్నారు.

ఆ పోటీలో గెలిచినవాడి పేరు నాకు తెలియదు. ఓడినవాడికి వెళ్లిన కబురు మాత్రం లోకానికంతా తెలుసు.

జపాన్‌లో ఇది ఒక్కరి మంచితనం వల్ల జరిగింది కాదు, అక్కడి వాడుకే అది. గీసేవాడు తన రాతప్రతిని చంకన పెట్టుకుని నేరుగా పత్రిక ఆఫీసుకి వెళ్లొచ్చు. సంపాదకుడు ఎదురుగా కూర్చుని అక్కడికక్కడే చదివి, ఏ పేజీలో ఆగాడో, ఏ గడిలో తికమకపడ్డాడో చెబుతాడు. పోటీలున్నాయి, వాటి పక్కనే ఈ సంభాషణా ఉంది. 1992లో పదిహేడేళ్ల ఎయిచిరో ఓడా 'వాంటెడ్!' అనే కథతో తెజుకా అవార్డు పోటీలో రెండో స్థాయి బహుమతి తెచ్చుకున్నాడు. 'వన్ పీస్' మొదలుపెట్టింది 1997లో. ఈ మధ్యలో పెద్దల దగ్గర సహాయకుడిగా గీశాడు, దిద్దించుకున్నాడు. బహుమతి అతన్ని తలుపు దాకా తెచ్చింది, మిగతాది దిద్దుబాటు చేసింది.

ఇప్పుడు కట్ట విప్పండి.

రెండు వేసవులుగా మేం కొందరు మిత్రులం కలిసి మా పిల్లలకి చిన్న మాంగా పోటీ పెడుతున్నాం. నాలుగు నుంచి పది పేజీలు, నలుపు తెలుపు, విషయం మన చుట్టుపక్కల ఏదైనా. మొదటి ఏడాది ఎంట్రీలు పాతిక లోపు, రెండో ఏడాది నలభై. మొదటి ఏడాది మేం పెద్ద తప్పు చేశాం. కట్టలో అన్నిటికంటే గీత గట్టిగా ఉన్న ఎంట్రీకి మొదటి బహుమతి ఇచ్చేశాం. కత్తి తిప్పే వీరుడు, గాల్లో ఎగిరే దుమ్ము, చూస్తే కళ్లు చెదిరాయి. వారం తిరక్కుండా ఒక ఏడో తరగతి పిల్లవాడు ఒక జపాన్ మాంగా పేజీలు ఫోన్లో తెచ్చి మా ముందు పెట్టాడు. గడికి గడి అదే. తప్పు ఆ గీసిన పిల్లవాడిది అనను. మేం ముగ్గురం ఆ కట్టని చదవలేదు, చూశాం. చదివి ఉంటే ఆ వీరుడికి ఊరు లేదని, అమ్మ లేదని, కోపానికి కారణం లేదని తెలిసేది.

అందుకే జడ్జిగా కూర్చున్న ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. మొదటిసారి చదివేటప్పుడు పాఠకుడిలా చదవండి. మామూలు వేగంతో, ఎక్కడా ఆపకుండా, మార్కుల కాగితం దగ్గర పెట్టుకోకుండా. కన్ను ఎక్కడైనా తడబడి వెనక్కి వెళితే ఆ గడి నంబరు మాత్రం గుర్తుపెట్టుకోండి. రెండోసారి కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని కళ్లు సగం మూయండి. అప్పుడు పేజీలో ఏది నల్లగా, ఏది పెద్దగా నిలబడుతుందో అదే ఆ పేజీ చెప్పే మాట. కథలో ముఖ్యమైనదీ, కంటికి నిలబడుతున్నదీ ఒకటేనా? అయితే ఆ పిల్లవాడికి పేజీ కట్టడం వచ్చు, వేళ్లు గీయడం రాకపోయినా సరే.

ఇది నేర్చుకోవడానికి టోక్యో దాకా పోనక్కర్లేదు. జగ్గయ్యపేట ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉండేది. 1880ల మొదట్లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడ్డ ఒక పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. బౌద్ధ జాతక కథల్లోని మాంధాత చక్రవర్తి పలక. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిదని చరిత్రకారుల లెక్క. చక్రవర్తి నడిమధ్య నిలబడి చెయ్యి పైకెత్తాడు. మేఘాల్లోంచి నాణేలు రాలుతున్నాయి, నలుచదరపు నాణేలు. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, మణి, రాణి, మంత్రి. ఒక్క రాతి పలక మీద ఇంతమంది ఉన్నా మన చూపు ముందు రాజు మీదికి, అక్కణ్ణించి ఎత్తిన చేతి వెంట మేఘం మీదికి, మేఘంలోంచి రాలే నాణేల వెంట కిందికి వస్తుంది. మా ఊరికి దగ్గర్లోనే రెండు వేల ఏళ్ల క్రితం ఒక శిల్పి చూపుకి దారి వేశాడు. అదే బుద్ధుడి కథాలోకాన్ని ఒసాము తెజుకా 1972 నుంచి 1983 దాకా 'బుద్ధ' అనే వేల పేజీల మాంగాగా గీశాడు. పోటీ ప్రకటించే రోజున పిల్లలకి ఆ పలక ఫోటో పెద్దది చేసి చూపించండి. 'నీ కన్ను మొదట ఎక్కడ పడింది? తర్వాత?' అని అడగండి. గంట ఉపన్యాసం కంటే ఆ రెండు ప్రశ్నలు ఎక్కువ పని చేస్తాయి.

జడ్జీలు ఎవరు? అందరూ బొమ్మలు గీసేవాళ్లే అయితే గీత గెలుస్తుంది, అందరూ రాసేవాళ్లే అయితే మాటలు గెలుస్తాయి. మా ముగ్గురిలో ఒకరు డ్రాయింగ్ నేర్పినవారు, ఒకరు కథలు చదివే అలవాటున్న పోస్టాఫీసు ఉద్యోగి. మూడో మనిషి విషయంలో రెండో ఏడాది మేం తీసుకున్న నిర్ణయమే మా పోటీని నిలబెట్టింది. మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. అక్షరాలు రావు. బొమ్మ పుస్తకం ఎప్పుడూ పట్టుకున్న మనిషి కాదు. ఆమెని కూర్చోబెట్టాం.

దీనికీ ఒక దారి చూసుకునే చేశాం. జపాన్‌లో కోఅమిక్స్ అనే సంస్థ 2012లో 'సైలెంట్ మాంగా ఆడిషన్' అనే పోటీ మొదలుపెట్టింది. ఒక్క మాట కూడా లేకుండా బొమ్మలతోనే కథ చెప్పాలి. ఏ దేశం వాళ్లయినా పంపొచ్చు. 'సిటీ హంటర్' గీసిన త్సుకాసా హోజో, 'ఫిస్ట్ ఆఫ్ ది నార్త్ స్టార్' గీసిన తెత్సువో హరా లాంటివాళ్లు జడ్జీలుగా కూర్చున్నారు. భాష రాకపోయినా కథ అందుతుందా అన్నదే అక్కడి పరీక్ష. మా పెద్దమ్మకి చదువు రాదు కాబట్టి మా ప్రతి ఎంట్రీకీ ఆ పరీక్ష తనంతట తానే జరిగిపోయింది.

ఇక్కడ ఒక ఎంట్రీ గురించి వివరంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగిన సంగతి మా వైపు ఎవరూ మరిచిపోలేదు. అంతకు ముందటి ఏడాది జులైలోనే ఐతవరం దగ్గర నీళ్లు హైవే మీదికెక్కి హైదరాబాదు బళ్లన్నీ ఆగిపోయాయి. ఆ సెప్టెంబరు వరద మీద ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఆరు పేజీలు గీసింది. మాటలు దాదాపు లేవు. ప్రతి పేజీలోనూ అదే ఇల్లు, అదే కోణం, మిద్దె మీదికి వెళ్లే ఏడు మెట్లు. మొదటి పేజీలో రెండో మెట్టు మీద ముసలామె కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. రెండో పేజీలో మొదటి మెట్టు లేదు, నీళ్లు. మిరపకాయల చేట మూడో మెట్టు మీదికి వెళ్లింది. పేజీ తిప్పుతుంటే మెట్లు తగ్గుతుంటాయి, సామాను పైకెక్కుతుంటుంది. బియ్యం బస్తా, టీవీ, బడి సంచి. బొమ్మలు అంత కుదరలేదు. ముసలామె చేతులు రెండు పేజీల్లో రెండు రకాలుగా ఉన్నాయి. సిరా అక్కడక్కడా అలికిపోయింది.

పెద్దమ్మ నాలుగో పేజీ దగ్గర ఆగి మెట్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఐదో మెట్టు మునిగిందిరా అబ్బాయ్. ఇక మేకని పైకెక్కించాలి" అంది. ఆ పేజీలో మేక మూలన గుంజకి కట్టేసి ఉంది. నేను దాన్ని గమనించనే లేదు. పేజీ తిప్పితే మేక మిద్దె మీద ఉంది. పెద్దమ్మ ఊపిరి తీసుకుంది.

ఆ ఊపిరిని మార్కుల కాగితంలో ఎక్కడ వేస్తారు? మా దగ్గర అప్పటికి నాలుగు గళ్లున్నాయి. బొమ్మకి పది, కథకి పది, మాటలకి పది, శుభ్రతకి పది. ఆ లెక్కన ఒక కత్తియుద్ధం ఎంట్రీకి ఆరు, ఆరు, ఆరు, తొమ్మిది, మొత్తం 27 వచ్చాయి. మెట్ల కథకి ఐదు, తొమ్మిది, ఎనిమిది, మూడు, మొత్తం 25. శుభ్రత గెలిచింది! ఎక్కడా పడిపోనిది, ఎక్కడా లేవనిది మొదటి స్థానంలోకి వచ్చి కూర్చుంది. కూడికలోనే ఆ గుణం ఉంది. అన్నిటా సగటున ఉన్నదాన్ని అది పైకి తెస్తుంది.

ఆ రాత్రి ఆ కాగితం పక్కన పడేసి ఇంకో పద్ధతి పట్టాం. ఎంట్రీలన్నీ చదివాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోవాలి. తెల్లవారి లేచి, కాగితాలు చూడకుండా, గుర్తున్న ఎంట్రీలు మాత్రం రాసుకు రావాలి. ఏ గడి గుర్తుందో కూడా రాయాలి, పెద్దమ్మలాంటివాళ్లు నోటితో చెబితే ఇంకొకరు రాసుకోవాలి. మూడు జాబితాల్లోనూ ఉన్నవాటి మీదే చర్చ. ఒకే ఒక్క జాబితాలో ఉండి, ఆ జడ్జి దానికోసం గట్టిగా పట్టుబడితే, దాన్నీ బల్ల మీద ఉంచాలి. మిగతా ఇద్దరినీ ఒప్పించే అవకాశం ఆయనకివ్వాలి. మార్కులు వద్దని కాదు, వందల ఎంట్రీలు వచ్చే చోట తొలి వడపోతకి అవి కావాలి. చివరి ఐదింటి దగ్గర మాత్రం కూడికకి పెత్తనం ఇవ్వకండి.

పాఠకుల మాటా వినండి. షోనెన్ జంప్ పత్రిక తన ప్రతి సంచికలో ఒక కార్డు పెట్టి, నచ్చిన మూడు మాంగాలు రాయమని పాఠకుల్ని అడుగుతూ వచ్చింది. ఏ కథ సాగాలో ఏది ఆగాలో అనేదాంట్లో ఆ కార్డులకి పెద్ద మాటే ఉంది. మేం ఎంట్రీలని పేర్లు కనపడకుండా నంబర్లు వేసి, పురికొస కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. చదివిన ప్రతి పిల్లవాడూ మూడు నంబర్లు చీటీ మీద రాసి డబ్బాలో వేశాడు. దాని బహుమతి వేరు, జడ్జీల బహుమతి వేరు. రెండూ ఒకటే రావాలని ఆశించకండి.

వయసు సంగతి ఎక్కువ చెప్పను. ఆరో తరగతినీ ఇంటర్నీ ఒకే కట్టలో కలపకండి, అంతే. తెజుకా అవార్డులో తగిన రచన లేదని పై బహుమతి ఎవరికీ ఇవ్వకుండా వదిలేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. వృత్తిలోకి రాబోయేవాళ్ల పోటీలో అది సరైన పట్టుదలే. పన్నెండేళ్ల పిల్లల దగ్గర మాత్రం ఆ పని చేయొద్దని గట్టిగా చెబుతాను.

అనుకరణని ఎలా పట్టుకోవాలి? ఇప్పుడు ఫోన్లో రెండు ముక్కలు టైపు చేస్తే కృత్రిమ మేధ గీసిచ్చే రోజులు. పోలీసు పని వద్దు. రెండే అడగండి. ఒకటి, చిత్తుప్రతులు. గీసినవాడి దగ్గర నోటుబుక్కు వెనకపేజీల్లో, పాత కరపత్రాల వెనక, గడుల అమరిక కోసం గీసుకున్న పిచ్చిగీతలుంటాయి. రెండు, చివరి వరసకి వచ్చిన పిల్లల్ని పిలిచి ఆఖరి గడి తర్వాత ఏం జరుగుతుందో అక్కడే కూర్చుని ఒక్క గడి గీయమనండి. బొమ్మ ఎలా వచ్చినా పర్వాలేదు. తన కథ అయితే పెన్సిలు ఆలోచించదు, నేరుగా కాగితం మీదికి వెళుతుంది. మెట్ల కథ అమ్మాయి మేక తిరిగి కిందికి దిగనని మొండికేయడం గీసింది, ముప్ఫై సెకన్లలో.

ఇక తెలుగు. జపాన్ మాంగా చూసి గీసే పిల్లలందరూ ఒక చోట దెబ్బతింటారు. జపాన్ రాత పైనుంచి కిందికి నడుస్తుంది, కాబట్టి వాళ్ల మాటల బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి. మన రాత అడ్డంగా నడుస్తుంది. పిల్లలు ఆ నిలువు బుడగనే గీసి అందులో 'వెళ్లి', దాని కింద 'పోతు', దాని కింద 'న్నాను' అని ముక్కలు చేస్తారు. చదివేవాడి నాలుక మూడుసార్లు తడబడుతుంది. పైగా మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'రాష్ట్రం' అని రాస్తే కిందికి రెండు ఒత్తులు దిగుతాయి, వరసల మధ్య చోటు కావాలి. అందుకని ముందు మాటలు రాసి, తర్వాత వాటి చుట్టూ బుడగ గీయమని పోటీ ప్రకటనలోనే చెప్పండి. జపాన్ మాంగాలా పుస్తకం కుడి నుంచి ఎడమకి చదివించాలనుకుంటే అడ్డు చెప్పకండి. కానీ గడులు కుడి నుంచి, మాటలు ఎడమ నుంచి నడిస్తే చూపు రెండు దారుల్లో చీలిపోతుంది. మన భాషకి ఎడమ నుంచి కుడే సుఖం.

చప్పుళ్ల దగ్గర నాకు మరీ మనసు కలుక్కుమంటుంది. జలజల, టపటప, చిటపట, దబదబ, కిర్రు, భళుక్కు... ఇన్ని చప్పుళ్లకి పేర్లున్న భాషలో పుట్టిన పిల్లలు 'బూమ్', 'వూష్' అని రాస్తున్నారు. మెట్ల కథలో ఉన్న ఒకే ఒక్క మాట, నీళ్ల పక్కన 'వూష్'. ఆ అమ్మాయిని అడిగాను.

"ఆ రాత్రి ఏటి చప్పుడుని మీ నాయనమ్మ ఏమంది?"

"హోరు అంది, సార్. ఒకటే హోరు అంది."

"మరి?"

ఆ అమ్మాయి ఏం మాట్లాడలేదు. రబ్బరు తీసుకుని 'వూష్' చెరిపి, గడి ఈ చివర నుంచి ఆ చివర దాకా 'హో' గీసి, దాని ఓత్వాన్ని పొడుగ్గా లాగి, పక్క గడిలోకి 'రు' తోసింది. అక్షరాలే నీళ్లయ్యాయి. బహుమతి ఆ అమ్మాయికే వచ్చింది.

ఫలితాలు చెప్పాక చాలామంది జడ్జీలు చేతులు దులుపుకుంటారు. నా లెక్కలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. ప్రతి ఎంట్రీకీ ఒక చీటీ రాయండి. నలభై ఎంట్రీలకి చీటీకి పది నిమిషాలు వేసుకున్నా ఏడు గంటల లోపే. ముగ్గురు పంచుకుంటే ఒక సాయంత్రం. పిల్లవాడు సెలవులన్నీ పెట్టాడు, మనం ఒక సాయంత్రం పెట్టలేమా?

'బాగుంది, ఇంకా కృషి చేయి' అని మాత్రం రాయకండి. అది ఖాళీ కవరుతో సమానం. మొదట మీరు కథలో ఏం చదివారో ఒక్క వాక్యంలో రాయండి. తన మనసులో ఉన్నదీ మీకు అందినదీ ఒకటేనో కాదో పిల్లవాడికి దాంతోనే తెలిసిపోతుంది. తర్వాత మీ చూపు తడబడిన చోటు, పేజీ నంబరు, గడి నంబరుతో సహా. ఆఖర్న వారంలో చేయగలిగిన ఒక్క పని. ఒక్కటే. ఐదు పనులు చెబితే ఒక్కటీ జరగదు. చీటీ ఇచ్చాక పిల్లలు వాదిస్తారు. వాదించనివ్వండి. 'అక్కడ రాత్రి అని తెలియడానికి చంద్రుణ్ణి గీశాను కదా సార్' అంటే, ఆ చంద్రుడు మీకు ఎందుకు కనపడలేదో ఇద్దరూ కలిసి చూడండి. రెండుసార్లు పిల్లలదే ఒప్పు అయింది, నేను నా చీటీ మార్చి రాశాను.

పోటీకి పంపేవాళ్లకి చెప్పవలసింది ఉందన్నాను. మీ ఊళ్లో ఇలా చీటీలు రాసేవాళ్లు లేకపోవచ్చు. రేపు మీరు పెద్ద పోటీలకి పంపవచ్చు. జపాన్ విదేశాంగ శాఖ 2007లో మొదలుపెట్టిన అంతర్జాతీయ మాంగా అవార్డుకి ఇతర దేశాలవాళ్లు పంపుకోవచ్చు. అక్కడ మీ పక్కన కూర్చుని ఎవరూ చెప్పరు. కాబట్టి గీయడం పూర్తయ్యాక కాగితాలని పది రోజులు పెట్టెలో పెట్టి మూయండి. పదకొండో రోజున తీసి, వేరే ఎవరో గీసినట్టుగా చదివి, మీకు మీరే ఆ మూడు వాక్యాల చీటీ రాసుకోండి. ఇంకో మార్గం కూడా ఉంది. మీ స్నేహితుడి ఎంట్రీకి చీటీ రాయండి. ఇతరుల పేజీలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం వచ్చినవాడికి తన పేజీలో దాన్ని దాచుకోవడం కష్టమవుతుంది.

27 మార్కుల కత్తియుద్ధం గుర్తుందా? ఆ పిల్లవాడికి ఏ బహుమతీ రాలేదు. పదో తరగతి. అతని చీటీ నేనే రాశాను. 'ఇద్దరు కుర్రాళ్లు కత్తులతో పోట్లాడుకున్నారు, ఒకడు గెలిచాడు. నాలుగో పేజీ మూడో గడిలో ఎవరు ఎవర్ని కొట్టారో తెలియలేదు. వాడికి అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పే పేజీ ఒకటి, మొదటి పేజీకి ముందు గీసి తీసుకురా.'

ఎనిమిది రోజులు కనపడలేదు. నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. తొమ్మిదో రోజు సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి ఒక్క కాగితం ఇచ్చాడు. తిరునాళ్లలో బొమ్మల కొట్టు. ఇద్దరు అన్నదమ్ములు. అమ్మ కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెడుతోంది. కొట్టువాడు ఒక్క ప్లాస్టిక్ కత్తి ఇచ్చాడు. ఒక్కటే. ఆఖరి గడిలో ఆ కత్తి మీద రెండు చేతులు.

ఆ కాగితాన్ని మొదట పెట్టి, పాత ఎనిమిది పేజీలూ దాని వెనక పెట్టి, మొత్తం మళ్లీ చదివాను. అవే గీతలు, అదే దుమ్ము. కానీ ఈసారి ప్రతి దెబ్బకీ ఆ ముడి విప్పిన కొంగు కనపడింది. కట్ట అతని చేతికిచ్చి "ఇప్పుడు నువ్వే జడ్జివి. ఏం చేస్తావు?" అన్నాను.

వీధి దీపం కింద నిలబడి మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాడు. నాలుగో పేజీ దగ్గర ఆగి, దాన్ని కట్టలోంచి లాగి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.